నట్టు మీద ఎర్ర గీత

మీలో ఒక్కరూ ఆ చక్రం వైపు చూడలేదు. నేను చూపిస్తే చూపు తిప్పుకున్నారు.

మా మేనత్త పోయిన వారం రాజమండ్రి ఆసుపత్రిలో పోయింది. గుండె జబ్బు, ఎప్పటినుంచో ఉన్నదే. ఊరికి తీసుకురావడానికి మాట్లాడిన వ్యానుకి వెనక చక్రంలో ఒక నట్టు లేదు. నట్టు లేకపోవడమే కాదు, అది ఎక్కాల్సిన మరల బోల్టు, స్టడ్డు, సగానికి విరిగిపోయి ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర బంధువులున్నారు, వీధివాళ్ళున్నారు, దండలు పట్టుకున్నవాళ్ళున్నారు. “మిగతావి ఉన్నాయిగా మేడమ్, వెళ్ళిపోద్ది,” అన్నాడు డ్రైవరు. “శవం దగ్గర గొడవేంటమ్మా,” అన్నారు మీరు. గౌతమి వంతెన ఎక్కేముందు జొన్నాడలో నేను ఆ వ్యాను ఆపించాను. ఆ కబురు మాత్రం వ్యాను కంటే ముందే మన వీధికి చేరింది. “శవాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టిందంట!” ఆ మాట అన్నవాళ్ళు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

తీరా ఇంటికి తెచ్చాక మొదలయ్యాయి పొగడ్తలు. “దేవతలాంటి మనిషండి,” అన్నారొకరు. నాకు అనుమానం. ఆ అన్నాయన, మా అత్త ఎదురుపడితే వెనక్కెళ్ళి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. పోయినవాళ్ళని దేవతల్ని చెయ్యడం చాలా సులువు. దేవతకి క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు కదా.

కొత్తవాళ్ళ కోసం మొదట్నుంచీ చెబుతాను. తొంభైల మొదట్లో మా మావయ్య, అంటే అత్త భర్త, సొంత అంబాసిడర్ అద్దెకి నడిపేవాడు. ఒక రోజు పాలకొల్లు నుంచి వస్తూ ఉంటే కాలవ గట్టు మీద ముందు చక్రం ఊడిపోయింది. కారు కాలవలో పడింది. మావయ్య పోయాడు. పెద్దకర్మ కూడా కాకముందే వీధి తీర్పు చెప్పేసింది: అంతా ఆవిడ జాతకం.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త నన్ను వెంటబెట్టుకుని, కారు పడేసి ఉన్న షెడ్డుకి నడిచి వెళ్ళింది. అలా బయటికి రాకూడదని మీకు తెలుసు, ఆవిడకీ తెలుసు. చక్రం లేని ఆ హబ్బు ముందు కూర్చుని విరిగిన స్టడ్లని ఒక్కొక్కటే వేలితో తడిమింది. రెండు విరిగినచోట తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. మిగతావి విరిగినచోట కొత్త గిన్నెలా మెరుస్తున్నాయి.

“ఈ రెండూ ఎప్పుడో విరిగాయండి అమ్మగారూ,” అన్నాడు మెకానిక్కు నసుగుతూ. “మార్పించమన్నాను. మిగతావి ఉన్నాయిగా అన్నారండి అయ్యగారు. ఆ రెండిటి బరువూ ఇవే మోశాయి, మోసి మోసి ఆ రోజు తెగిపోయాయి.”

అత్త నా వైపు తిరిగింది. “చూడవే. నా జాతకం తుప్పు పట్టిందా, ఇది పట్టిందా?”

ఆ రోజు నుంచి ఆవిడ ఎవర్నీ నమ్మలేదు. కారు బాగుచేయించి, డ్రైవర్ని పెట్టుకుని, అద్దెలకి తిప్పింది. మొదట చేసిన పని చక్రాలకుండే మెరుపు కప్పులు పీకి అటక మీద పడెయ్యడం. అమ్ముకుని తినేసిందన్నారు మీరు. కప్పు కింద ఏం దాక్కుందో తెలియదని ఆవిడ అనుమానం. అవి రొయ్యల చెరువులు ఊరిని చుట్టుకుంటున్న రోజులు. లారీల్లోంచి కారే ఉప్పునీళ్ళతో మా రోడ్లు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ఇనుమన్నది ఏదీ నమ్మకంగా ఉండేది కాదు. ఉదయం ముగ్గు పడ్డాక, కొంగు దోపుకుని, పీట వేసుకుని చక్రం పక్కన కూర్చునేది. వైర్ బ్రష్షుతో మరలు గీకేది. నట్టుని ముందు చేత్తోనే తిప్పేది. చేత్తో సాఫీగా ఎక్కని నట్టు పానాతో ఎక్కితే మరలు కొరుక్కుపోతాయని పక్కన పెట్టేసేది. బిగించేటప్పుడు వరసగా కాదు, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది.

“నేను బిగించానుగా అమ్మగారూ,” అని డ్రైవరు మూతి ముడిచేవాడు.

“నువ్వు బిగించావని నమ్ముతానయ్యా. అది బిగిసే ఉందని ఎవర్ని నమ్మమంటావ్?”

ఒకసారి అతను తేలిగ్గా తిరుగుతాయని మరలకి గ్రీజు పూశాడు. “తేలిగ్గా ఎక్కింది తేలిగ్గా దిగదూ?” అని గుడ్డ చేతికిచ్చి మొత్తం తుడిపించింది. పానా మీదెక్కి తొక్కితే ఇంకా పెద్ద గొడవ. “నీ బరువుకి స్టడ్డు సాగిపోద్ది. దిగు కిందకి!”

ఇక ఎర్ర రంగు సంగతి. దీన్ని మీరు మర్చిపోయినట్టు నటిస్తున్నారని నా అనుమానం.

మావయ్య పోయిన ఏడాదిలోనే అత్త బజారులో ఫ్యాన్సీ షాపుకెళ్ళి ఎర్ర గోళ్ళరంగు సీసా అడిగింది. అందరూ ఉండగానే. షాపాయన ఆవిడ నుదురూ, చేతులూ చూసి, “ఎవరికండీ?” అన్నాడు.

“బండికి,” అంది అత్త.

అతను నవ్వాడు. సాయంత్రానికి వీధంతా నవ్వింది. మొగుడు పోయిన మనిషికి ఎర్ర రంగు ఎందుకు? ఎవరి కోసం? ఇంట్లో జీతానికి డ్రైవరున్నాడు కదా! మనవల్ని ఎత్తుకుని తిరిగే ఆ డ్రైవరుకీ ఆవిడకీ ముడిపెట్టారు. ఆవిడ చెప్పింది అచ్చంగా నిజం. మీరు నమ్మనిది అదొక్కటే. నట్టు బిగించాక, నట్టు మీద మొదలై రిమ్ము మీదికొచ్చేలా ఒక్క ఎర్ర గీత గీసేది. నట్టు ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. వంగి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఎవరూ వంగలేదు. ఆవిడ గోళ్ళ వైపు చూశారు గానీ చక్రాల వైపు చూడలేదు.

ఆ తర్వాత పెళ్ళి. మన ఊరి పెద్దరైతు ఒకాయన కొడుకుని తరలించడానికి ఆ కారే మాట్లాడుకున్నారు. పూలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పెళ్ళికొడుకు ఎక్కాడు. ముందు చక్రాల్లో ఒకదానికి కిందటి రోజే పంక్చర్ వేయించారు. అలా వేయించాక కొంతదూరం తిరిగి రాగానే మళ్ళీ చూడాలని అత్త నియమం. మేళం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ చక్రం దగ్గర కూర్చుంది.

“ఏవండీ, శుభమా అని బయల్దేరుతుంటే మీరు ఎదురొస్తారేంటండీ!” అన్నాడు రైతు.

“ఎదురు రాలేదండి. పక్కకొచ్చాను. గీత విడిపోయింది, చూడండి.” పానా పెట్టి తిప్పింది. నట్టు ఊరికే తిరుగుతోంది, బిగియదు. లోపల స్టడ్డు మరలు పోయాయి. “ఇది మార్చాలి. మీరు దిగండి బాబూ.”

“ముహూర్తం దాటిపోతోందమ్మా! ఒక్కటే కదా, మిగతావి ఉన్నాయిగా!”

అత్త లేచి నిలబడింది. “మీ అబ్బాయికి మిగతా వేళ్ళు ఉన్నాయి కదండీ. ఉంగరం వేలు తీసేద్దామా?”

మేళం ఆగిపోయింది. పెళ్ళికొడుకు పకపకా నవ్వి దిగాడు. తండ్రి మాత్రం నవ్వలేదు. వేరే కారు తెప్పించుకుని వెళ్ళారు. పెళ్ళి చక్కగా జరిగింది. దాంతో, “చూశారా, ఏమీ కాలేదు, అనవసరంగా అపశకునం చేసింది,” అన్నారు. ఏమండీ, ఆ కారెక్కకుండా క్షేమంగా వెళ్ళినవాళ్ళు, ఆ కారుకేం కాదని సాక్ష్యం ఎలా చెబుతారు? ఊడిన చక్రానికి ఊరంతా సాక్షులే. ఊడకుండా ఆపినదానికి ఒక్కడూ లేడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి ఆ కారు ఎవరూ పిలవలేదు. పురుళ్ళకి, ఆసుపత్రులకి మాత్రం పరుగెత్తుకొచ్చారు. శుభానికి పనికిరాని మనిషి ప్రాణానికి పనికొచ్చింది!

నా మీద కూడా ఆవిడకి అనుమానమే. పత్రికల్లో ఆడవాళ్ళ గురించి రాస్తాను కదా, ఒకసారి ఆవిడ గురించి రాస్తానన్నాను.

“నా గురించొద్దే. చదివి, అయ్యో పాపం అని పేజీ తిప్పేస్తారు. నట్ల గురించి రాయి. ఒకడైనా లేచెళ్ళి చూసుకుంటాడు.”

అందుకే జొన్నాడలో ఆపించాను. మెకానిక్కు వ్యాను వెనక జాకీ పెట్టాడు. చక్రం లేస్తుంటే లోపల అత్త కూడా కాళ్ళవైపు కొంచెం పైకి లేచింది. అతను డ్రమ్ము ఊడదీసి, విరిగిన స్టడ్డుని సుత్తితో వెనక్కి కొట్టేసి, కొత్తది వెనకనుంచి ఎక్కించాడు. “పక్కదీ సాగిపోయిందండి,” అని అదీ మార్చాడు. ఈలోగా నేను రోడ్డు దాటి ఫ్యాన్సీ కొట్టుకెళ్ళి ఎర్ర సీసా అడిగాను. నా చీర మీద ఇంకా శవం దగ్గర చల్లిన పన్నీరు తడి ఉంది. కొట్టతను అనుమానంగా చూశాడు. “ఎవరికండీ?” అన్నాడు.

“బండికి,” అన్నాను.

అత్త ఆ ఎర్ర గీతలమీదే వంతెన దాటింది. ఇంటికొచ్చాక వంగి చూశాను. ఒక్కటీ విడిపోలేదు.

సంతాప సభ పెడతామంటున్నారు. పెట్టకండి. నేను అడిగేవి ఇవి:

అద్దె బళ్ళకి చక్రాల కప్పులు తీసెయ్యండి. నట్లు కనపడాలి.

స్టడ్డు విరిగితే అదే రోజు మార్పించండి. దాని పక్కవీ చూపించండి.

మరలకి గ్రీజు పూయకండి. తుప్పు గీకండి, చేత్తో ఎక్కించండి, ఎదురెదురుగా బిగించండి, కొంతదూరం నడిపాక మళ్ళీ చూడండి.

“మిగతావి ఉన్నాయిగా” అన్నవాడి బండి ఎక్కకండి. శవాన్ని కూడా ఎక్కించకండి.

భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే మంచినీళ్ళు తాగడానికి వెనక్కి వెళ్ళకండి. వంగి మీ చక్రం చూసుకోండి.

మా అత్తని దేవత అనకండి.

ఎర్ర రంగు సీసా కొంటున్న ఏ ఆడదాన్నీ ఎవరికని అడక్కండి.