తవుడిచ్చి కొన్న పిల్ల

తొమ్మిదేళ్లుగా ఒక మాట మింగి కూర్చున్నాను. అరగలేదు. కక్కుదామంటే రాలేదు. ఇప్పుడు కక్కేస్తున్నాను. చదివే మీరెవరో నాకు తెలీదు, రాసే నేనెవరో మీకు తెలీదు, అదే మంచిది. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. అంతా చదివాక "పోనీలే అమ్మా, ఆ పరిస్థితిలో ఎవరైనా అంతే చేస్తారు" అనకండి. ఆ ఓదార్పు నాకు ఒళ్లు మండిస్తుంది.

నాకు కోపంగా ఉంది. టీవీ వాళ్ల మీద కోపం, ఫోన్లు ఎత్తి పట్టుకున్న వాళ్ల మీద కోపం, ఆ వేళ స్కూలు గేటు దగ్గర చేరిన ప్రతి మనిషి మీదా కోపం. ఇన్నాళ్లూ ఆ కోపాలన్నీ ముందు నిలబెట్టి వాటి వెనక నేను దాక్కున్నాను. బాగానే దాక్కున్నాను, ఎవరూ కనిపెట్టలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. శ్రీకాకుళం వెళ్లే దారిలో చిన్న టౌను మాది. మా వారిది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం, మావగారు చర్చి సంఘ పెద్ద. నేను పెళ్లితో సంఘంలోకి వచ్చినదాన్ని. మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లె. వరి, చోళ్లు పండించుకునే హిందూ కుటుంబం.

నాకు మొదటి ఇద్దరు పిల్లలూ దక్కలేదు. బాబు మూడో రోజున పోయాడు. తర్వాతి పాప నెల తిరక్కుండా పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు సంఘమంతా నాకోసం ఉపవాస ప్రార్థనలు చేసింది. మనస్ఫూర్తిగా చేశారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆడపిల్ల పుట్టింది. కృప అని పేరు పెట్టుకున్నాం. పురుడు పుట్టింట్లోనే. పదకొండో రోజున, మా వారు డ్యూటీకి వెళ్లిపోయాక, మా అమ్మ నా మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా ఒక మాట అడిగింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే, ఆ బిడ్డని చేటలో పడుకోబెట్టి పరాయి మనిషికి తవుడికి అమ్మేస్తారు. ఆ మనిషి గుప్పెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుని, "నా బిడ్డని మీరు పెంచండి" అంటూ మళ్లీ తల్లి చేతిలోనే పెడుతుంది. ఇక ఆ బిడ్డ ఆ ఇంటిది కాదు కాబట్టి ఆ ఇంటి చావు దాని జోలికి రాదని నమ్మకం. మా జిల్లాల్లో ఇంతమంది తవిటయ్యలు, తవిటమ్మలు ఎందుకున్నారంటే ఇందుకే.

మా ఊరికి వెదురు బుట్టలు, చేటలు అమ్ముకోవడానికి ఒకావిడ వస్తుండేది. అందరం బుట్టలామె అనేవాళ్లం. అమ్మ ఆవిడని పిలిపించింది. అమ్మ బలవంతం చేసిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అమ్మ అడిగిందంతే. బిడ్డని చేటలో పెట్టింది నేను. ఇద్దరిని మట్టిలో పెట్టిన చేతులు కదా, అప్పుడు ఎవరు ఏం చెయ్యమన్నా చేసేవి. బుట్టలామె నా ఒళ్లో తవుడు పోసి, పాపని ఎత్తుకుని "తవిటమ్మా" అని మూడుసార్లు పిలిచి, తిరిగి నాకిచ్చింది. పాప పుట్టాక మొదటిసారి ఆ మధ్యాహ్నం నేను కంటినిండా నిద్రపోయాను.

ఆరు నెలలకి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. ప్రార్థన వల్లే నా బిడ్డ దక్కిందని చెప్పాను. తవుడు సంగతి చెప్పలేదు. మావగారు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత వేరే ఊళ్ల సంఘాలు కూడా పిలిచి ఆ సాక్ష్యం చెప్పించుకున్నాయి. చెప్పేకొద్దీ నాకు బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. సిగ్గు లేకపోతే సరి! ప్రార్థనని నమ్మానా, తవుడుని నమ్మానా? ఇప్పటికీ నాకే తెలీదు. రెండింటినీ నమ్మి, ఒకదాన్నే బయటికి చెప్పాను. అక్కడ పడింది నా తప్పుకి విత్తనం.

పుట్టింటికి వెళ్లినప్పుడల్లా బుట్టలామె వచ్చేది. పాపకి మట్టిగాజులు తొడిగి, "నా పిల్ల ఎంత ఎదిగిపోనాది!" అని మురిసిపోయి వెళ్లేది. ఏనాడూ ఏమీ అడగలేదు. కృపకి నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అటు రాకపోకలు తగ్గాయి. బుట్టలామె సంగతి ఇక ఎవరికీ తెలిసే వీల్లేదని హమ్మయ్య అనుకున్నాను.

కృపకి ఆరేళ్లు. ఆ ఏడాది బళ్లు తెరిచేసరికి ఎటు చూసినా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల కబుర్లే. టీవీ పెడితే అదే. నల్లటి ముసుగు బొమ్మ, ఒక ఏడుపు సంగీతం, "మీ పిల్లలు ఇంటికి చేరారా?" అని తెరంతా ఎర్రక్షరాలు. అడిగేవాడికి మన పిల్లల మీద ఎంత ప్రేమో! ఏ ఊళ్లో పోయారు, ఎవరి పిల్లలు పోయారు అంటే చెప్పడు. మా బడి పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో రోజుకి పది వీడియోలు. ఎక్కడివో, ఏ దేశానివో. అందులో సగం పంపింది నేనే. అంగన్‌వాడీ టీచర్ పంపింది కాబట్టి నిజమేనని అందరూ నమ్మారు. నేను కృపకి ఇంట్లో రోజూ నేర్పించేదాన్ని. ఎవరైనా గాజులిస్తారు, చాక్లెట్లిస్తారు, తీసుకోకు. చెయ్యి పట్టుకుంటే గట్టిగా అరవాలి. దాని చెయ్యి నేనే పట్టుకుని అరిపించి మరీ నేర్పాను.

బుట్టలామె సరిగ్గా అలాంటి రోజుల్లో వచ్చింది. రెండేళ్లు చూడకుండా ఉండలేక, మా టౌను పేరు ఎవరినో అడిగి తెలుసుకుని, బస్సెక్కి వచ్చింది. ఇల్లు తెలీదు. పిల్ల ఏ బళ్లో చదువుతోందో ఎలాగో కనుక్కుని, బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడింది. కృప బయటికి రాగానే చెయ్యి పట్టుకుని గాజు తొడగబోయింది. కృప ఆవిడని గుర్తుపట్టలేదు. నేను నేర్పినట్టే అరిచింది.

బడికి మా అంగన్‌వాడీ నాలుగు అడుగుల దూరం. నేను పరిగెత్తుకు వెళ్లేసరికి ఆటోవాళ్లు, తల్లిదండ్రులు ఆవిడని చుట్టేసి ఉన్నారు. సంచి కింద గుమ్మరించారు. ఒక పచ్చ గౌను, డజను గాజులు, పసుపు పొట్లం. ఆవిడ జుట్టు ఒక ఆటో అబ్బాయి పిడికిట్లో ఉంది. నాకు తెలిసిన అబ్బాయే, వాళ్ల చెల్లి మా కేంద్రంలోనే ఆడుకుంటుంది.

"ఎవుర్తివే నువ్వు? ఎవుల పిల్లని అట్టుకెల్లిపోతన్నావు?" అని అరుస్తున్నాడు.

"నా పిల్లే బాబూ! తవుడెట్టి కొనుక్కున్నాను. ఆలమ్మని అడగండి, ఆలమ్మకి తెల్సు" అంటోంది ఆవిడ.

కొనుక్కున్నాను అనగానే గుంపు ఒక్కసారి రేగింది. అంతలో ఆవిడ నన్ను చూసింది. ఆ మొహం ఎలా విచ్చుకుందో మీకెలా చెప్పను! బతికిపోయాననుకుంది. "అదిగో వొచ్చినాది మాయమ్మ! సెప్పమ్మా, నానెవురో ఈలికి సెప్పు!"

ఆటో అబ్బాయి నా వైపు తిరిగాడు. "టీసరమ్మా, ఈవిడ నీకు తెల్సా?"

నా పక్కన మావగారు ఉన్నారు. మనవరాలి అరుపు విని పక్కనే ఉన్న మార్కెట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన చేతిలో కృప చెయ్యి. ఎదురుగా నాలుగు ఫోన్లు. తెలుసు అంటే, ఎలా తెలుసని అడుగుతారు. ఎలా తెలుసో చెబితే తవుడు బయటికొస్తుంది. తవుడు బయటికొస్తే నేను ఆరేళ్లుగా ఊరూరా చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది? మావగారు తల ఎక్కడ పెట్టుకుంటారు? ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానా, తర్వాత కూర్చుకున్నానా? ఆలోచించాను. మనసు ఎంత వేగంగా లెక్క చూసుకుంటుందో ఆ రోజే తెలిసింది. ఇంకో నీచమైన ఆలోచన కూడా వచ్చింది. కొనుక్కున్నది కదా, నిజంగానే తీసుకుపోవడానికి వచ్చిందేమో అని. ఆవిడ మొహం చూస్తూ కూడా అలా అనుకోగలిగాను.

"తెలీదు" అన్నాను.

ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "ఏటమ్మా?" అంది, వినపడనట్టు. అంతే. తర్వాత కొట్టారు.

ఆవిడ ఊతకి తెచ్చుకున్న వెదురు బద్దతోనే కొట్టారు. తల మీద పడకుండా ఆవిడ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. పిల్లల క్యారేజీలు చేతిలో పట్టుకుని ఆడవాళ్లు కొట్టారు. ఆదివారం నా పక్కన కూర్చుని పాటలు పాడేవాళ్లు కూడా కొట్టారు. మావగారు "ఆపండిరా, సచ్చిపోద్ది" అని అరిచారు. ఆ మాట అన్నది ఆయనొక్కరే. నిజం తెలిసిన నేను నోరు మూసుకుని నిలబడ్డాను. పోలీసులు వచ్చి ఆవిడని జీపులో వేసుకెళ్లారు.

సాయంత్రానికి టీవీ వాళ్లు దిగారు. పసుపు పొట్లం వాళ్ల నోట్లో మత్తుపొడి అయిపోయింది. గౌను, "ఎత్తుకెళ్లిన పిల్లల దుస్తులు" అయింది. ఆవిడ "కొనుక్కున్నాను" అన్న ముక్కని కత్తిరించి, ఆవిడ మొహం చుట్టూ గుండ్రంగా ఎర్ర గీత గీసి, మళ్లీ మళ్లీ వేశారు. ఆ తర్వాత నన్ను చూపించేవారు. నేను ఏడుస్తూ "తెలీదండీ, ఎప్పుడూ చూడలేదండీ" అంటున్నాను. ఎప్పుడూ చూడలేదని గేటు దగ్గర అననే లేదు. అది మైకు ముందు సొంతంగా కలిపాను. ఒక్క ఫోను చేసి బొబ్బిలి దగ్గర ఆ పల్లెలో అడిగితే ఎవరైనా చెప్పేవారు. ఒక్కడూ అడగలేదు. వాళ్లకి నిజంతో పనేముంది? వాళ్లని తిడుతున్నాను సరే, వాళ్లకి సరుకు అందించింది ఎవరు?

రెండో రోజు ఎస్సై గారు మా ఇంటికొచ్చారు. మర్యాదగా, నెమ్మదిగా అడిగారు. "అమ్మా, ఆవిడ మీ పుట్టింటి ఊరి పేరు, మీ అమ్మగారి పేరు చెబుతోంది. ఇంకొకసారి ఆలోచించండి." గుంపు లేదు. ఫోన్లు లేవు. మావగారు కూడా ఇంట్లో లేరు. అప్పుడు చెప్పొచ్చు కదా? భయపడ్డాననడానికి కూడా అక్కడ ఏమీ లేదు. "మా ఊళ్లో బుట్టలమ్మేవాళ్లు చాలామంది తిరుగుతారండీ" అన్నాను. ఆయన ఆ మాట రాసుకుని వెళ్లిపోయారు. పిల్లలు పోయారన్న ఫిర్యాదు ఎక్కడా లేకపోవడంతో నాలుగు రోజుల తర్వాత ఆవిడని వదిలేశారు. ఆ సంగతి ఏ టీవీ చెప్పలేదు.

మూడేళ్ల తర్వాత బొబ్బిలి సంతలో ఆవిడని చూశాను. కోడలు కాబోలు, పక్కన కూర్చుని చేట అల్లుతోంది. ఆవిడ ఎడమచేత్తో బద్దలు అందిస్తోంది. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు, ఒళ్లో అలా పడి ఉన్నాయి. వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నానా? లేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, సందులోంచి బస్టాండుకి వెళ్లిపోయాను.

కృపకి ఇప్పుడు పదిహేనేళ్లు. ఆ భయం దాన్ని వదల్లేదు. ఒక్కతే బస్సెక్కదు. కొత్త మనిషి టైమెంతని అడిగినా రెండడుగులు వెనక్కేస్తుంది. పోయిన వారం స్కూల్లో పిల్లల రక్షణ మీద మీటింగు పెట్టారు. కిడ్నాపు నుంచి బయటపడ్డ అమ్మాయిగా మాట్లాడమని దాన్ని అడిగారట. రాసుకున్న కాయితం తెచ్చి వంటింట్లో నాకు చదివి వినిపించింది. "మా అమ్మ సమయానికి వచ్చి నన్ను కాపాడింది" అని ఉంది అందులో. పొయ్యి కట్టేశాను. కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను.

అది ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది. కాయితం మడిచి, "ఆవిడ పేరేటమ్మా?" అంది.

నా బిడ్డని కొని బతికించమని ఇచ్చాను, నాలుగేళ్లు గాజులు తొడిగించుకున్నాను, చెయ్యి విరగ్గొట్టించాను, పేరు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. కృప లేచి గదిలోకి వెళ్లిపోయింది. మీటింగులో మాట్లాడనని చెప్పేసింది. నాతో కూడా అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. మాట్లాడమని నేను అడగను.

మావగారు ఉన్నారు, సంఘం ఉంది, వచ్చే ఆదివారం ఉంది. అక్కడ చెప్పగలనో లేదో మీకు మాటివ్వలేను, నా మాట ఎంత గట్టిదో మీరు చూశారు. ఆవిడ బతికే ఉందో లేదో కూడా తెలీదు. క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. గేటు దగ్గర అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. రాస్తుంటే ఊపిరి ఆడుతోంది. ఆవిడ నాకు తెలుసు. ఆవిడ ఎత్తుకుపోవడానికి రాలేదు, చూసి పోవడానికి వచ్చింది. నా బిడ్డని ఆవిడ చేతుల్లో పెట్టింది నేనే.