కోపమొస్తే కూర్చునే చోటు

విజయనగరంలో మేము ఇల్లు కట్టుకున్న ఏడాది, తోట వేయడానికి నరసన్నపేట నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఏ ఇంటికి వెళ్లినా, కాగితం మీద గీత గీసే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను ఒకే ప్రశ్న అడిగేవారట. నన్నూ అడిగారు.

"కోపమొస్తే ఎక్కడ కూకుంటావు తల్లీ?"

నవ్వొచ్చింది. ఆలోచించాక నవ్వు ఆగింది. "పెరట్లో, బట్టలుతికే బండ మీద," అన్నాను.

మావారికి ఇంటి ముందు వాట్సాప్‌లో చూసినటువంటి పచ్చటి లాన్ కావాలి. వెనక అంతా సిమెంటు చేసి కారు పెట్టుకోవాలి.

"ఆ గడ్డి మన ఎండకి నిలవదు బాబూ. నీల్లన్నీ తాగీస్తాది," అని పెద్దాయన రెండుసార్లు చెప్పి చూశారు. మావారు వినలేదు. పెద్దాయన ఇక వాదించకుండా అడిగినట్టే గడ్డి పరిచారు.

పెరట్లో సిమెంటు పోసే రోజు మాత్రం, బండ చుట్టూ నాలుగడుగుల మట్టి వదిలించి, పక్కన సంపెంగ మొక్క నాటారు.

మావారు ముఖం చిట్లించారు. "ఇదెవరు చెయ్యమన్నారు?"

పెద్దాయన నా వైపు చూడనైనా లేదు. "నానే సేసినాను బాబూ. వొద్దంటే పీకీస్తాను," అంటూ మొక్క మీదికి వంగారు.

"నేనే అడిగేను," అన్నాను.

నిజానికి అడగలేదు. పెళ్లయిన పదేళ్లలో, నాకిది కావాలని మావారి ఎదుట చెప్పడం అదే మొదటిసారి.

మావారు ఆ మట్టి వైపు చూసి, "ముందే చెప్పొచ్చు గదా," అని లోపలికి వెళ్లిపోయారు.

పెద్దాయన మొక్క మొదట్లో మట్టి గట్టిగా అదిమి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగారు.