ప్రేమలత కాపలా కాసిన ఆట

పత్తాలాట ఆడిన ఇల్లు గుల్ల కాక తప్పదని మొగులమ్మ తన బిడ్డకు చెప్పి చెప్పి పెంచింది. ఆ బిడ్డ ప్రేమలత, నలభై దాటాక ఫోనులో పోకర్ నేర్చుకుని, ఆదివారం మధ్యాహ్నాలు తనతో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి ఆడిస్తుందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఎవరూ నమ్మకపోతేనే మంచిదని ఆమె కూడా అనుకునేది.

సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో ఆమెది క్వాలిటీ పని. బయటివైపు గదిలో కూర్చుని, లోపలినుంచి వచ్చిన గొట్టాలకు గాలి పట్టి చూస్తుంది. ఆ గొట్టాలను అతికించే ఆడవాళ్లు దుమ్ము చొరబడని హాల్లో ఉంటారు. తలకు టోపీ, మూతికి గుడ్డ. పొద్దంతా పక్కపక్కన నిలబడినా ఒకరికొకరు కళ్ల వరకే తెలుసు. ఆదివారం ఆటలోనే వాళ్ల నోళ్లు తెరుచుకునేవి. పత్తాల పక్కన మెసేజ్‌లు రాసుకునే చోట అత్తల మీద చాడీలు, సూపర్‌వైజర్ నడక మీద పరాచికాలు. ఎవరి చేతిలో ఏ ముక్క పడిందో కొన్నిసార్లు వాళ్లకే పట్టేది కాదు.

పైసల ఆట కాదది. పైసలు పెట్టి ఫోనులో ఆడటం మన దగ్గర బందయి చాలాకాలమైంది. వీళ్లవి యాప్ ఊరికే ఇచ్చే చిప్పులు, పొద్దుగూకితే వాటికి విలువ లేదు. నేర్పింది ఆమె భర్త కుమార్. ముత్తంగి గోదాములో పనిచేసే అతను, పెళ్లాం చేతిలో వరుసగా ఓడిపోయి, నీతోని ఆడితే ఇజ్జత్ పోతుందని మానుకున్నాడు.

ఆటకు పాస్‌వర్డ్ పెట్టేది ప్రేమలతే. అది తెలిసినవాళ్లే లోపలికి రాగలరు. శనివారం డ్యూటీ ఎక్కగానే, మరిచిపోకముందే, గ్రూపులో అందరికీ మెసేజ్ పంపేది. పాస్‌వర్డులు కూడా టిఫిన్ డబ్బాల్లోంచి వచ్చినవే. ఒక వారం సకినాలు, ఒక వారం పచ్చిపులుసు.

అలాంటి ఆటలోకి ఒక ఆదివారం కింగ్‌భాయ్ అనే పేరు వచ్చింది. ఎవరో తమాషాకు పేరు మార్చుకున్నారనుకుని అందరూ నవ్వారు. కాసేపటికి ఆ పేరు పక్కన ఒక మాట పడింది: “నిషితా, నువ్వు కిష్టారెడ్డిపేట బస్సుల వస్తవు గదా.”

ఫోనులోని ఆట బల్ల ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కొక్క పేరే మాయమైంది. కొత్తగా పెళ్లయి వచ్చిన నిషిత మాత్రం ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“అక్కా, గా మాట మా ఆయన సూస్తే ఫోను గుంజుకుంటడు. ఫోను వోతే మా అమ్మతోని మాట్లాడుడు గూడ బందే.”

నేను చూసుకుంటానని ప్రేమలత చెప్పింది. ఏం చూసుకోవాలో ఆమెకే తెలియదు. శనివారం ఎప్పటిలాగే పాస్‌వర్డ్ మార్చి పంపింది. మరుసటి ఆదివారం కింగ్‌భాయ్ రాలేదు. బతికాం అనుకునేలోపే బల్ల చుట్టూ ఇద్దరు నిషితలు కనబడ్డారు. ఇద్దరిలో ఒకరు నవ్వు బొమ్మ పెట్టారు. అసలు నిషిత నవ్వే స్థితిలో లేదని తెలిసి, ప్రేమలత ఆటను అక్కడికక్కడే ఆపేసింది.

ఆ వారమంతా ఆమె ఒక్కొక్కరినే లెక్కబెట్టుకుంది. తమలోనే ఎవరో చెబుతున్నారు. ఎవరు? ఆలోచన తిరిగి తిరిగి, హాల్లో గొట్టాలు అతికించే నాగవల్లి దగ్గరే ఆగేది. నాగవల్లి కడుపులో మాట దాగదు. మరిదికి ఆట చూపించానని ఆమే ఒకసారి నవ్వుతూ చెప్పింది. నిషిత ఫోను పోయేదాకా ఆగడమెందుకని, ఒక్క మాటైనా అడగకుండా, ప్రేమలత ఆమెను గ్రూపులోంచి తీసేసింది.

మర్నాడు క్యాంటీన్‌లో నాగవల్లి డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. కూర్చోలేదు.

“నన్నెందుకు తీసేసినవక్కా? అడిగితే చెప్పకపోదునా?”

జెర కొన్నిరోజులు ఆగమని ప్రేమలత తన డబ్బాలోకి చూస్తూ అంది.

“ఆగుత. ఆగుడుకేంది. గానీ దొంగను వట్టినట్టు వట్టినవు.”

ఆ మాట అనేసి వేరే బల్ల దగ్గరికి పోయింది. ఆ పూట అటువైపు నుంచి ఒక్క నవ్వు వినబడలేదు. నాగవల్లి ఉన్నచోట నవ్వు వినబడకపోవడం అందరికీ తెలిసింది.

శనివారం వచ్చింది. గొట్టాల నమూనాలు వచ్చాయని గేటు నుంచి కబురొస్తే ప్రేమలత స్వయంగా వెళ్లింది. నడుస్తూనే కొత్త పాస్‌వర్డ్ టైపు చేసి, గేటు గది గడప దగ్గర పంపించింది.

ఎదురుగా గోడకు అరలు కొట్టిన చెక్క ఉంది, ఒక్కో అర కింద ఒక్కో పేరు. హాల్లోకి ఫోను తీసుకుపోకూడదు గనుక ఆడవాళ్లందరి ఫోన్లూ అక్కడే, ముఖాలు ఇటు తిప్పి నిలబెట్టి ఉంటాయి. ఒక ఫోను వెలిగింది. దాని పక్కది వెలిగింది. చూస్తుండగానే, ఒక్క నాగవల్లిది తప్ప ఆటవాళ్ల ఫోన్లన్నీ వెలిగాయి. వెలిగిన ప్రతి అద్దం మీదా ఆమె పేరు, దాని కింద యాప్ పేరు, ఆమె రాసిన పాస్‌వర్డ్. గేట్‌పాస్ కోసం నిలబడ్డ వ్యాన్ డ్రైవర్ మెడ సాచి తీరిగ్గా చదువుకుంటున్నాడు.

ఆమె ముఖం చూసి వాచ్‌మన్ పోచయ్య కుర్చీ జరిపాడు.

“గవి ప్రతి శనారం గట్లనే వెలుగుతయ్ బిడ్డా. మొన్న పచ్చిపులుసు అని వచ్చింది. లారీ పోరగాండ్లు సదువుకుంట ఒకటే నవ్వుడు. అండ్ల ఏముందో నాకైతే తెల్వది.”

ప్రేమలత మళ్లీ అరల వైపు చూసింది. తాళం వేసి తాళంచెవిని గొళ్లానికే తగిలించింది తను. వారం వారం, స్వయంగా. గేటు దగ్గర నిలబడినవాడికి ఎవరు ఏ బస్సు దిగుతారో కూడా తెలుస్తుంది, ఎవరు ఏ అరలో ఫోను పెడతారో తెలుస్తుంది. ఆ కింగ్‌భాయ్ ఈ డ్రైవరో, నిన్నటివాడో, రేపు రాబోయేవాడో. పట్టుకునే దారి లేదు. ఫోన్లను బోర్లేసి పెట్టమని పోచయ్యను బతిమాలింది. అతను సరేనని లేచాడు.

నమూనాల పెట్టె గదిలో పెట్టి, భోజనం గంట కొట్టగానే ఆమె నాగవల్లిని వెతుక్కుంటూ వెళ్లింది. గేటు, అరలు, మెసేజ్, అన్నీ చెప్పింది. తప్పు నాదేనంది. నాగవల్లి ముద్ద కలుపుతూ విన్నది.

“ఇగ పాస్‌వర్డ్ ఫోన్ల వెట్టను. ఒక్కొక్కలకు చెవుల చెప్త. ముందు నీకే,” అంది ప్రేమలత.

“నాకు ముందు వద్దు. అందరికి చెప్పినంక చివర్ల చెప్పు. మల్ల బయటవడితే నా మీదికి రావద్దు.”

ప్రేమలత పాస్‌వర్డ్ మళ్లీ మార్చి, అలాగే చేసింది. సాయంత్రం బస్సులు కదిలేముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చివరికి నాగవల్లి కూర్చున్న బస్సు కిటికీ దగ్గర ఆగింది. నాగవల్లి చెవి ఇచ్చింది, ముఖం తిప్పలేదు.

యాప్‌లో ఇంకో ఏర్పాటు ఉందని కుమార్ వెతికి చూపించాడు. పాస్‌వర్డ్ కొట్టినా సరే, ఆడించేవాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి రావచ్చు. అప్పటిదాకా పేరు బయటే నిలబడుతుంది.

ఆదివారం ప్రేమలత ఫోను ముందు గేటు కాపలాదారులా కూర్చుంది. పేరు వచ్చిన ప్రతిసారీ ఆ మనిషికి ఫోను చేసి, గొంతు విన్నాకే లోపలికి రానిచ్చింది. నిషిత పేరు ఈసారి ఒక్కసారే కనబడింది. ఆట మొదలుపెట్టమని లోపలివాళ్లు తొందర చేస్తున్నారు. ఇంకాసేపు, అని రాసింది ప్రేమలత.

చివరికి ఆ పేరు వచ్చింది. నాగవల్లి.

ప్రేమలత వేలు ఆగిపోయింది. ఇద్దరు నిషితలను చూసిన కళ్లు పేరును నమ్మడం లేదు. ఫోను చేస్తే, మళ్లీ అనుమానించిందని ఆ మనిషి ఈసారి పూర్తిగా పోవచ్చు. చేయకుండా రానిస్తే, ఆ పేరు వెనక ఎవరున్నారో తెలియదు, లోపల నిషిత ఉంది.

ఫోను చేసింది. చాలాసేపు మోగింది.

“నేనే,” అంది నాగవల్లి. వెనక కుక్కర్ కూత. “అందరికి చేసినవా, నాకే చేసినవా?”

“అందరికి.”

“అయితే తలుపు తియ్యి.”