మాత్రల షీట్లలో గుండీలు

కుట్టుగదిలో అందరూ ఆమెను కాలరక్క అంటారు. పదమూడేళ్ళుగా చొక్కాల కాలర్లన్నీ ఆమే కుడుతోంది. మొన తిరగేస్తే కాకిముక్కులా నిలబడాలి. ఆ మిషను మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

కిందటేడు తోడికోడలు వచ్చి గుండీల దగ్గర కూర్చుంది. "చిన్నమ్మాయి చెయ్యి చూడండి, ఎంత చురుకో!" అని మాస్టరు అన్న రోజు నుంచి కాలరక్కకు అప్పుడప్పుడూ వచ్చే తలనొప్పి ముదిరింది. అదంతా దాని దిష్టేనని ఆమె నమ్మకం.

పొద్దున్నే, నొప్పి రాకముందే ఒక మాత్ర వేసుకునేది. మాస్టరు దాన్ని మెచ్చుకుంటే ఇంకొకటి. దేన్నీ పారేసే మనిషి కాదు గనుక ఖాళీ షీట్లు తోడికోడలి ముందు పడేసేది. షీటుకు పది గుంటలు, చొక్కాకు పది గుండీలు. చిన్నది ముందే నింపిపెట్టుకుని చకచకా కుట్టేది.

ఒకరోజు నొప్పితో కాలరక్క కాలరు తలకిందులుగా కుట్టింది. తోడికోడలే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"నెలకి ఎన్ని మాత్రలు వేసుకుంటావమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఎప్పుడో ఒకటీ అరా."

"ఒకటీ అరానా అక్కా! నా గుండీల డబ్బా నిండా నీ షీట్లేగా. నెలకి ఐదారు పోగవుతున్నాయి డాక్టరమ్మా."

"నోరు ముయ్యవే!"

డాక్టరమ్మ బీపీ చూసింది, కళ్ళల్లో లైటు వేసి చూసింది, నిద్ర లేస్తూనే నొప్పి ఉంటుందా అని అడిగింది. "మొదట వచ్చింది మామూలు తలనొప్పే. ఇప్పుడు రోజూ నొప్పి తెస్తున్నవి ఈ మాత్రలే. ఆపెయ్యి. మొదట్లో నొప్పి పెరుగుతుంది, భయపడకు. రెండు వారాలు పని మానేసి, మళ్ళీ వచ్చి చూపించుకో."

రెండు వారాలు! గుమ్మం దాటగానే కాలరక్క నిలదీసింది. "నా మిషను కోసమేగా నన్ను ఈడ్చుకొచ్చావు?"

"నీ మిషను నాకెందుకక్కా? అది నీ కాలి తన్నులకి తప్ప లొంగదు."

తొమ్మిది రోజులు తల పగిలిపోయింది. చెయ్యి దిండు కింద వెతికేది. మాత్రలన్నీ చిన్నది ఎప్పుడో తీసేసింది. పదో రోజుకు నొప్పి సడలింది.

రెండు వారాలయ్యాక పనిలోకి వెళ్ళేసరికి తన కుర్చీలో తోడికోడలు. కుట్టిన కాలర్ల మొనలు కాకిముక్కుల్లా ఉన్నాయి. కాలరక్క చెయ్యి అలవాటుగా మాత్ర కోసం సంచిలోకి పోయి, ఖాళీగా బయటికొచ్చింది. తల మాత్రం తేలిగ్గానే ఉంది.

"లే, నా కుర్చీ వేడెక్కింది చాలు."

"అక్కా, షీట్లు చిరిగిపోయాయి. గుండీలు ఎందులో పెట్టుకోను?"

"ఇక షీట్లు రావు," అంది కాలరక్క, ఎన్నాళ్ళకో హాయిగా కూర్చుంటూ. "ఇప్పుడు చూద్దాం నీ చురుకు."