చెవిలో పోసిన పేరు

"నా పేరు నీగ్గూడా తెల్సా మే?" అన్నాడు ఆయన. "తెలీకేమప్పా, ఊరంతా పిల్చేదే గదా" అన్నాను నేను. మా ఇద్దరి మధ్య జరిగిన ఆఖరి మాటలు అవే.

ఈ పొద్దున మనవరాలు పేపరు చదువుతూ, ఎవరో డాక్టరు ఒక మనిషికి ప్రాణం పోశాడని చెప్పి, "అవ్వా, ప్రాణమేమన్నా నీళ్లా పోసేకి? ఆ మాట యాడి నుంచి వచ్చిండాది?" అని అడిగింది. అందుకే చెబుతున్నాను, తనే రాస్తూ ఉంది.

తెల్లదొరల కాలంలో కమలాపురం పక్కన నాపరాళ్ల గనికి నేనూ మా ఇంటాయనా కూలికి పోయేవాళ్లం. వేసవిలో ఆ గుంతలో కింద రాయి, పైన ఎండ కాలుస్తుంటే మనిషి ఉన్నట్టుండి కూలిపోయేవాడు. అతన్ని నీడకు చేర్చి, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, దంచి అరికాళ్లకు రుద్ది, తడిగుడ్డ కప్పి, ఉప్పుగంజి బొట్టుబొట్టుగా పెదాల మీద పోసేవాళ్లు. అదే ప్రాణం పోయడమని కొత్తకోడలిగా అనుకున్నాను. కాదంది మా అత్త. గంజి గొంతులో పోస్తారు, ప్రాణం చెవిలో పోయాలంట. చెవికి నోరానించి, తెలివి వచ్చేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉండాలంట. ఆయన మొదటిసారి పడినప్పుడు ఆమే పిలిచింది, "లేయ్‌రా, పని ఎగ్గొట్టేకి పండుకున్యావా?" అని నడుమనడుమ తిట్టింది కూడా. ఆయన లేచి కూర్చున్నాడు.

పెళ్లాం మాత్రం పిలవకూడదు. మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని పట్టింపు. గుడికి పోయేవాళ్లకైనా, చర్చికి పోయే మాకైనా అదే. ప్రార్థనలో కూడా "మా ఇంటాయన" అనేదాన్ని, దేవునికి తెలియదా ఎవరో.

అత్త పోయిన మరుసటి వేసవిలో ఆయన మళ్లీ పడ్డాడు. పోసిన గంజి పెదాల పక్కనుంచి కారిపోతూ ఉంది. ఎర్రగడ్డ రుద్దుతున్న తోటి కూలి ఒకామె నా వైపు చూసి, "పిలువు మే, ఆయుస్సుంటే గదా తగ్గేకి" అంది.

వంగి పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను. కళ్లు తెరిచాడు, నవ్వినట్టే ఉంది, ఆ మాట అడిగాడు, నేను జవాబు చెప్పాను. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ పిలిస్తే వినలేదు.

ఏడ్చానో లేదో గుర్తు లేదు. చేతికంటిన ఎర్రగడ్డ వాసన గుర్తుంది. పేరు పలికినందుకే పోయాడని కొందరన్నారు, పలికినందుకే ఆ కాస్త మాటైనా దక్కిందని కొందరు. నేను ఏమీ అనుకోలేదు.

ఇప్పటి ఆడపిల్లలు మొగుళ్లను పేరు పెట్టి పిలిచి, సంచి చేతికిచ్చి అంగడికి పంపుతున్నారు. ఎవరి ఆయుస్సూ తగ్గినట్టు లేదు. నాకు పిలిచేకి దక్కింది ఆ ఒక్క పూటే.

చాల్లేమ్మా, ఇంక రాయొద్దు. మొదటి నుంచి చదివి వినిపించు. ఆడ కూర్చుంటే వినపడదు, నా చెవి దగ్గరికి వచ్చి చదువు.