కొల్లేటి దారిలో ఆగిన బండి

ఓడల్లో ఇంజనీరుగా చేసి తాడేపల్లిగూడెంలో స్థిరపడిన ఒక పెద్దాయన దగ్గర ఆ మోటారు సైకిలు కొన్నాను. మోకాళ్ళు సహకరించక అమ్మేశారాయన. దూరప్రయాణాల కోసం విదేశంలో తయారైన పాత బండి. కారుకున్నట్టే దానికీ ముందు రేడియేటరు, అందులో నీళ్ళు ఉండేవి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గుండుగొలనులో వరి పండించుకునేవాడికి అంత బండి ఎందుకని ఇంట్లో అడిగారు. హైవే మీద దానిపై వెళ్తుంటే జనం తలలు తిప్పి చూసేవారు. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పను?

రేడియేటరు కారినప్పుడల్లా ఏలూరు తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ లారీ రేడియేటర్లకు టంకం పెట్టే ఒక ముస్లిం పెద్దాయన ఉండేవారు. అరవై దాటిన మనిషి. మేస్త్రి గారూ అని పిలిచేవాణ్ణి. నా బండి రేడియేటరు విప్పి ఒళ్ళో పెట్టుకుని, సన్నటి రాగి గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసేవారు. తొందరపెడితే పని ఆపి, చేతులు తుడుచుకుని, నా తొందర తగ్గేదాకా ఊరుకునేవారు.

ఒక జూలైలో తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే గొట్టం ఊడి నీళ్ళన్నీ పోయాయి. గొట్టం బిగించి, పక్కనున్న కాలవలో నీళ్ళు ముంచి పోసి ఇంటికి చేరాను. మర్నాడు ఏలూరు తీసుకెళ్తే మేస్త్రి గారు మూత తీసి, వేలు ముంచి చూశారు.

"కాలవ నీళ్ళు పోశారు కదండీ. ఇప్పుడే విప్పి కడిగేస్తాను, కూర్చోండి."

"మా చేలో నాట్లు వేస్తున్నారండి. మళ్ళీ వస్తాను."

"ఈ వారంలోనే రండి. మట్టి పేరుకుంటే గొట్టాలు మూసుకుపోతాయి."

సరేనన్నాను. ఆ వారం వెళ్ళలేదు. ఆ నెలలోనూ వెళ్ళలేదు. బండి బాగానే నడుస్తోంది కదా అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక ఉదయం వేరే పని మీద ఏలూరు వెళ్ళి ఆయన షెడ్డు ముందు ఆగాను. ఆయన చొక్కా మార్చుకుని, తాళం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. కలిదిండిలో ఉండే అన్నగారికి ఊపిరి అందడం లేదని ఫోను వచ్చిందట.

"కైకలూరు బస్సు ఇరవై నిమిషాల్లో ఉందండి. అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కాలి," అన్నారు.

"బస్సెందుకండీ? నేను దింపుతాను. మీరు బస్టాండుకి వెళ్ళేలోపు సగం దూరం పోతాం."

ఆయన ఒకసారి రేడియేటరు వైపు చూశారు. కడిగించారా అని అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. వెనక ఎక్కి కూర్చున్నారు.

కొల్లేటి దారి అంతా గుంతలు. రెండు వైపులా చేపల చెరువులు, తలదాచుకుందామంటే చెట్టు లేదు. మొదటి గేరు, రెండో గేరులోనే పోవాల్సి వచ్చింది. సగం దూరం దాటాక వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. నేను చూసి కూడా ఆపలేదు. కాసేపటికి ఆవిరి మా మొహాల మీదికి కొట్టింది, ఇంజన్ ఆగిపోయింది.

వేడి మీద మూత తీయకూడదు. ఆయన గట్టు మీద కూర్చుని, కైకలూరు వైపే చూస్తూ ఉండిపోయారు. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. ఇంతలో ఆయన ఎక్కవలసిన బస్సు వచ్చింది. చెయ్యెత్తి అడ్డంగా నిలబడ్డాను. ఫుట్‌బోర్డు దాకా జనం ఉన్నారు. డ్రైవరు ఖాళీ లేదని చెయ్యి ఊపుతూ పక్క నుంచి పోనిచ్చాడు.

చల్లారాక ఆయన భుజం మీది తువ్వాలు చుట్టి మూత తీశారు. కింది గొట్టం విప్పితే నీళ్ళు దిగలేదు. గొట్టానికి నోరు పెట్టి ఊదారు. మూడోసారికో నాలుగోసారికో నల్లటి బురద బొట్లుబొట్లుగా రాలింది. దాన్ని చూశారు, నన్ను చూడలేదు. నా దగ్గరున్న సీసాలోని తాగే నీళ్ళన్నీ పోసి, "మెల్లగా పోనివ్వండి," అన్నారు.

మేం కలిదిండి చేరేసరికి అన్నగారి ఇంటి ముందు మగవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన ఎదురొచ్చి చెప్పారు.

"పోయి అరగంటయిందండి. తమ్ముడొచ్చాడా అని రెండుసార్లు అడిగారు."

మేస్త్రి గారు తల ఊపి లోపలికి వెళ్ళారు. నేను బండి దగ్గరే నిలబడిపోయాను. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎండలో నిలబడ్డారేంటండీ. మీరు వెళ్ళండి. ఇంజన్ బాగా చల్లారాక బయల్దేరండి."

"మేస్త్రి గారూ, నేను..."

"వెళ్ళండి బాబూ," అన్నారు.

రెండు వారాల తర్వాత బండి తీసుకెళ్ళాను. రేడియేటరు విప్పి, తిరగేసి నీళ్ళు పట్టి, బేసిన్ నిండా బురద తీశారు. ఆ బేసిన్ మా ఇద్దరి మధ్యా చాలాసేపు ఉంది. క్షమించమని అడిగాను. ఆయన టంకం గీకుతూనే, "ఎక్కింది నేనే కదండీ," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళలేకపోయాను. నీళ్ళు నేనే మార్చుకునేవాణ్ణి, అదీ లెక్క తప్పకుండా. అయినా బండెక్కితే కన్ను ముల్లు మీదే ఉండేది, రోడ్డు కనిపించేది కాదు. రెండేళ్ళకు చింతలపూడి వైపు ఆయిల్‌పామ్ రైతు ఒకాయన అడిగితే అమ్మేశాను.

ఆ తర్వాత ఒకసారి ఏలూరు మార్కెట్లో మేస్త్రి గారు ఎదురయ్యారు. బాగా చిక్కిపోయారు. చేతిలో కూరల సంచి ఉంది.

"బండి వేడెక్కట్లేదు కదండీ?" అని అడిగారు.

అమ్మేశానని చెప్పడానికి నోరు రాలేదు.

"లేదండి. బాగానే ఉంది," అన్నాను.