ఉమాకాంత్ గారి పంచనామా పుస్తకం

ఉమాకాంత్ గారికి అనుమానం. దేనిమీద అని అడక్కండి. అడిగితే, ఎందుకు అడుగుతున్నారని మీమీద కూడా వస్తుంది. ఒకరోజు పొద్దున్నే ఎదురుపడి "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను. ఆయన ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "నిన్న చెప్పలే గద, ఇయ్యాల ఎందుకు చెప్తున్నవ్ రచనమ్మా?" అన్నారు. కొబ్బరి బోండాం కొంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. బండివాడు కొట్టి చేతికిచ్చాక, ఇందాక ఊపింది ఇదేనా అని అడుగుతారు.

నాంపల్లి క్రిమినల్ కోర్టులో ముప్ఫై నాలుగేళ్లు బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టును వదల్లేదు. అలాంటి మనిషికి కాలక్షేపానికి దేవుడు చదరంగం ఇచ్చినా బాగుండేది. ఏరి కోరి, వస్తువులు పోయే ఆట ఇచ్చాడు.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. మా అశోక్ నగర్ పార్కులోకి దాన్ని తెచ్చినవాడు ఫణీంద్ర అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాంనగర్‌లో వెల్డింగ్ చేయించి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు తొమ్మిది పార్కులో పాతించాడు. పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసిరి, ఎన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. మేము విసిరే డిస్కులు బుట్టలో తప్ప అన్నిచోట్లా పడతాయి. అందుకే ప్రతి డిస్కు అడుగునా పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాం. దొరికినవాళ్లు ఫోన్ చేసి ఇచ్చేయాలి, అది ఆట మర్యాద.

ఉమాకాంత్ గారికి ఆ మర్యాద మీద కూడా అనుమానమే. డిస్కు కనపడకపోతే మేము పొదల్లో వెతుకుతాం, ఆయన మా మొహాల్లో వెతుకుతారు. చంకలో ఉన్న పొడుగాటి పుస్తకం తీసి పంచనామా మొదలుపెడతారు. తేదీ, స్థలం, గాలి ఎటు వీస్తోంది, ఆ సమయంలో ఎవరు దగ్గారు. పంచ్‌గా, అంటే సాక్షిగా, సంతకం ఎప్పుడూ నాదే, నారాయణగూడలో కాలేజీ లైబ్రేరియన్‌ని కాబట్టి నా సంతకానికి విలువుంటుందట. సాక్షి సంతకం పెట్టించుకున్న చేత్తోనే అనుమానితుల జాబితాలో నా పేరు రాశారొకసారి. ఇదేం న్యాయమని గొడవపడ్డాను.

"నేను నింద వేస్తలేనమ్మా. అనుమానం నోట్ చేస్తున్న, అంతే" అన్నారు.

ఒక వర్షాకాలం, మాతో ఆడే సులోచన గారికీ ఫణీంద్రకీ ఒకే నీలం డిస్కు మీద పేచీ వచ్చింది. ఇద్దరివీ నీలమే. ఒకటి పోయింది, మిగిలినదాని మీద పేరు తడికి చెరిగిపోయింది.

"నాదే. అగో, పసుపు మరక కనిపిస్తలేదా?" అన్నారు సులోచన గారు.

"మరక ముందుగాల పడ్డదా, పేచీ వచ్చినంక పడ్డదా?" అన్నారు ఉమాకాంత్ గారు.

"నా పూజ పసుపు మీదనే అనుమానమా!"

"నింద వేస్తలేను."

చివరికి ఇద్దరూ చెరోసారి విసరాలనీ, ఎవరి చేతికి అది లొంగితే వాళ్లదేననీ ఉమాకాంత్ గారు తీర్పు చెప్పారు. సులోచన గారు ముందు విసిరారు. అది గోడ దాటి పక్క హాస్టల్ మేడ మీద వాలింది. తీర్పు చెప్పాల్సిన సొత్తే పోయింది. ఉమాకాంత్ గారు వెంటనే ఇంకో పంచనామా తెరిచి హాస్టల్‌కు బయల్దేరారు, నేను పంచ్‌గా వెంట నడిచాను. అది గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల హాస్టల్. రాత్రింబవళ్లూ చదివి కళ్లు గుంటలు పడిన పదిమందిని మేడ మీద వరసలో నిలబెట్టి, "డిస్కు తీసింది ఎవరు?" అని గర్జించారు.

ఒకతను వినయంగా చెయ్యెత్తాడు. "సార్, ఆప్షన్స్ చెప్పుండ్రి."

డిస్కు నీళ్ల ట్యాంకు వెనకే దొరికింది. దొరికాక కూడా, అది అక్కడికి తనంతట తాను ఎలా పోయిందని ఆయన వారం రోజులు ఆలోచించారు.

ఇలా నవ్వుకుంటూ మూడేళ్లు గడిచాక, ఒక గురువారం నవ్వులేని పేచీ వచ్చింది. మా కాలనీ సంఘం అధ్యక్షుడు శ్రీపతి గారికి, బెంగళూరులో ఉండే కూతురు అనూహ్య పుట్టినరోజుకు ఎర్రటి డిస్కు పంపింది. రెండో రోజే అది పోయింది. నారాయణగూడలో మందుల షాపు నడిపే శ్రీపతి గారికి అసలే కోపం ఎక్కువ. రెండు రోజులు వెతికి, మూడో రోజు మమ్మల్నందరినీ బెంచీ దగ్గరికి పిలిచారు.

"ఇగ చాలు. పొద్దుగాల మనకంటె ముందు వచ్చేది ఆ ఊడ్చే ఆమెనే. ఆమె బుట్ట చూద్దాం. దొరికిందంటె కాంట్రాక్టర్‌కు ఒక్క ఫోన్, రేపటి సంది వేరే మనిషి వస్తది."

ఊడ్చే ఆమె అంటే బీరమ్మ. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, ఎన్నో ఏళ్లు కూలీల అడ్డా మీద నిలబడి, సిమెంటు తట్టలు మోసి నడుము పోయాక దొరికిన పని ఇది. అప్పుడామె పార్కు ఆ చివర వంగి ఆకులు ఊడుస్తోంది. ఆమె వైరు బుట్ట కుళాయి పక్కన కొమ్మకు వేలాడుతోంది. వద్దని గట్టిగా అనాల్సింది, అనలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

ఉమాకాంత్ గారు లేచారు. "సోదాకు ఒక పద్ధతున్నది శ్రీపతి గారూ. ముందుగాల స్థల పరిశీలన. తర్వాత సొత్తు ఎవరిదో వాళ్ల సంచి, ఆ తర్వాత ఆటగాళ్లయి. పనిమనుషులు ఆఖర్న."

"నా సంచి ఎందుకు?"

"సొంతదారే దాచిపెట్టి కేసు పెట్టిన సంగతులు బొచ్చెడు చూసిన. నింద వేస్తలేను."

సంచి భుజాన వేసుకుని, అడుగులు కొలుచుకుంటూ ఒక్కరే పొదల వైపు, కుళాయి వైపు తిరిగొచ్చారు. తర్వాత సోదా మొదలైంది. చక్కెర జబ్బు మీద మాకు రోజూ ఉపన్యాసమిచ్చే శ్రీపతి గారి సంచిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం దొరికింది. సులోచన గారి సంచి నిండా పార్కులోని నందివర్ధనాలే. "పూలు కోయరాదు" అని బోర్డు పెట్టించింది కూడా ఆమే. ఫణీంద్ర సంచి ముట్టుకోగానే లోపలి నుంచి "ఫణీంద్రా, ఆర్ యూ దేర్?" అని అమెరికా గొంతు పలికింది. పాపం, మీటింగును సంచిలో పెట్టుకుని ఆటకొచ్చాడు. నా సంచిలో లైబ్రరీ రిజిస్టరులో రాయకుండా తెచ్చుకున్న నవల బయటపడింది. ఎవరి తల వాళ్లు వంచుకున్నాం.

"ఇగ నాది" అని ఉమాకాంత్ గారు తన సంచి బోర్లించారు. ముందు నీళ్ల సీసా పడింది. తర్వాత మాకందరికీ మొలకలు తెచ్చే పెద్ద స్టీలు డబ్బా పడింది, దానికి మూత లేదు. మొలకలన్నీ బెంచీ మీద చెల్లాచెదురయ్యాయి. వాటి మీద ఎర్ర డిస్కు పడింది.

శ్రీపతి గారు డిస్కు తీసుకుని, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇదేంది, గోంగూర వాసనొస్తుంది?"

"అన్నం గిన్నె మీద మూత పెట్టిన. మంచిగ సరిపోయింది" అన్నారు ఉమాకాంత్ గారు తొణక్కుండా. "రచనమ్మా, రాయి. నిందితుడు ఉమాకాంత్. నేరం ఒప్పుకున్నడు."

రాశాను. ఆయన కింద అందంగా సంతకం పెట్టారు. శ్రీపతి గారు ఆయన్ని నెలరోజులు ఆట నుంచి వెలివేశారు. బీరమ్మ బుట్ట జోలికి ఎవరూ పోలేదు.

చిక్కడపల్లి దాకా ఉమాకాంత్ గారితో కలిసి నడిచాను. మూతలేని డబ్బా నాకు నిద్రపట్టనిచ్చేలా లేదు.

"సార్, డిస్కు ఆమె బుట్టల ఉన్నది కదా?"

"గిన్నె మీద మూత పెట్టుకున్నది. కొమ్మకు వేలాడదీసింది. దొంగిలించినోళ్లు చెట్టుకు కడతరా? ఎవరో పారేసిన మూత అనుకున్నది. చదువు రాదు, పేరు రాసుంటె మాత్రం ఏం తెలుస్తది?"

"ఆ మాటే శ్రీపతి గారికి చెప్పొచ్చు కదా?"

"మూత అనుకున్న అంటె నమ్మినోళ్లను కోర్టుల నేనైతే చూడలే. నామీద, నీమీద అనుమానం పడితే దులుపుకొని ఇంటికి పోయి చాయ్ తాగుతం. ఆమె మీద పడితే రేపటి సంది పని లేదు. నా పుస్తకంల ఆమె పేరు ఉందేమో చూడు."

ఆయన ముందే నిలబడి పుస్తకం తిరగేశాను. మూడేళ్ల పంచనామాల్లో నా పేరు పదకొండు సార్లుంది. శ్రీపతి గారిది తొమ్మిది. సులోచన గారి పేరైతే లెక్కలేదు. బీరమ్మది గానీ, తోటమాలి మొగిలయ్యది గానీ ఒక్కచోట లేదు. డిస్కు పోయిన మరుక్షణమే ఆ అనుమానాన్నంతా ఈయన మామీదికి తోసేస్తూ వచ్చారన్నమాట. నాకాయన మీద ప్రేమ పొంగింది.

మర్నాడు పొద్దున నన్ను చూసి బీరమ్మ చీపురు పక్కన పడేసి గబగబా వచ్చింది. వైరు బుట్టను రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉంది.

"అమ్మా, గా పుస్తకం సారుతోని జర పైలం. నిన్న దొంగతనం ఒప్పుకున్నడంట గద. నా గిన్నె మీది ఎర్రమూత గుడ గాయనే ఎత్కపోయిండు! స్టీలు మూత పెట్టిపోయిండు, మంచిదే పెట్టిండు గని, ఎందుకు పెట్టిండో?"

నవ్వు ఆపుకోలేక ఎకాయెకి గేటు దగ్గరికి పరుగెత్తాను. వెలివేసిన మనిషి ఆ బయట అరుగు మీద, మూత బదులు రుమాలు కట్టిన డబ్బాతో కూర్చుని ఉన్నారు. బీరమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆమెకు ఏం చెప్పకు రచనమ్మా. మూడేండ్లయింది, ఈ పార్కుల సరిగ్గ అనుమానపడే మనిషి నాకిప్పుడు దొరికింది" అన్నారు.